నాలుగో విస్తరి ఏ వరస: రామన్నపేట నుంచి నారాయణపేటకు

మా అమ్మాయి స్రవంతి పెళ్లి ఆగిపోతుందేమోనన్న భయంతో చేసిన ప్రయాణం ఇది. సంబంధం కుదిర్చింది నా భార్య సుజాత. మాది రామన్నపేట, వాళ్లది నారాయణపేట దగ్గరి ఒక ఊరు, మాలాగే నేత కుటుంబం. అబ్బాయి, స్రవంతి హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఖాయం చేసుకున్న కొన్నాళ్లకే సుజాత చనిపోయింది. పెళ్లి వాయిదా పడింది. దసరా తర్వాత ముహూర్తం పెట్టుకుందామని అనుకుంటుండగా మా మేనత్త రాజమ్మ ఒక మాట అన్నది.

"ఆళ్ల ఇంటిపేరే రామన్నపేట. మన ఎల్లయ్య తాత గా దిక్కే పోయిండు, ఆడ ఇంకో పెండ్లి చేసుకున్నడు. పెత్రమాసకు ఆళ్లు ఎల్లయ్య పేరు మీద బియ్యమిస్తరట. పెద్దలకిచ్చినట్టు ఇస్తున్నరంటే ఆళ్లు మన పాలోళ్లే గద. అన్నకు చెల్లెనిస్తవారా?"

ఎల్లయ్య మా ముత్తాత తండ్రి. పంతొమ్మిదో శతాబ్దం చివర, మొదటి భార్య చనిపోయాక, కొడుకును అన్న దగ్గర వదిలి పడమటికి నడిచి వెళ్లాడు. మాకు తెలిసింది అంతే. ఆయన రెండో పెళ్లి వల్ల కొడుకులు కలిగి, అబ్బాయి వాళ్లు ఆ కొడుకుల సంతానమైతే, ఎన్ని తరాలు గడిచినా పాలోళ్లే, మావాళ్లకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే అవుతారు. పెళ్లి మాటే ఉండదు. కూతురి సంతానమైతే బావా మరదళ్లు. గోత్రాలు వేరని నేనంటే అత్త కొట్టిపారేసింది. "సగం మంది గుడికాడ అయ్యగారు చెప్పిన గోత్రమే చెప్పుకుంటరు" అన్నది.

ఫోన్ చేసి అడిగే విషయం కాదిది. అనుమానం ఒకసారి నోట పడితే, అది తప్పని తేలినా రెండు ఇళ్ల మధ్య మిగిలిపోతుంది. అందుకే వాళ్లు చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే భాద్రపద అమావాస్య, పెత్రమాస నాడే వెళ్లి చూడాలనుకున్నాను. స్రవంతికి మాత్రం చెప్పాను. "పోయి రా బాపు. ఏదున్నా దాచకు" అన్నది.

పెత్రమాస నాడు పొద్దున ఆరింటికి రామన్నపేటలో బస్సెక్కితే ఎనిమిదిన్నరకు హైదరాబాద్ పెద్ద బస్టాండు చేరాను. అక్కడి నుంచి నారాయణపేట బస్సులు మహబూబ్‌నగర్, మరికల్ మీదుగా వెళతాయి. సుమారు నాలుగు గంటల దారి. రెండు టికెట్లూ కలిపి నాలుగు వందల లోపే. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు, కాబట్టి తంగేడు, గునుగు పూల కట్టలతో ఆడవాళ్లు, వాళ్లకు టికెట్టు లేదు కదా, బస్సంతా నిండిపోయారు. జడ్చర్ల దాకా నిలబడ్డాను. ఒకామె నన్ను చూసి, "ఏమన్నా, పైసలిచ్చినోడివి నువ్వు నిలబడ్డవు, పుక్కటికెక్కినోళ్లం మేం కూసున్నం" అన్నది. చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాలని చూశాను. బియ్యం ఇవ్వడం మధ్యాహ్నానికి అయిపోతుంది. బస్సు ఆగిన ప్రతిచోటా వాచీ చూసుకున్నాను. మరికల్ దగ్గర రోడ్డు పని వల్ల ఇంకా ఆలస్యమైంది.

నారాయణపేటలో ఆటో మాట్లాడుకున్నాను. మక్తల్ దారిలో కొంత దూరం పోయి లోపలికి తిరగాలి. రాను పోను మూడు వందలు. డ్రైవర్ పేరు జాఫర్. ఎవరింటికని అడిగితే వియ్యాలవారింటికని చెప్పాను. అతడు ఆటో వేగం తగ్గించి వెనక్కి చూశాడు.

"పెత్రమాస నాడా? జర సోంచాయించుకున్నరా సారు? మేం సాయెబులం, మాకే తెల్సు. గియ్యాల వియ్యంకుని గడప ఎవ్వలు తొక్కరు. సంబంధం తెంపుకుంటందుకు పోతున్నరా ఏంది?"

"కాదు."

"అయితే ఫికర్ లేదు" అన్నాడు. కానీ ఊరు వచ్చేదాకా అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు.

వియ్యంకుడు శంకరయ్య వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూసి చేతిలోని చెంబు కింద పెట్టాడు. "రా బావా" అన్నాడు గాని మొహం వాడిపోయింది. "ఏమన్న ముచ్చటా?"

"నారాయణపేటకు చీరల కోసం వచ్చిన. ఇట్ల చూసి పోదామని."

లోపలి నుంచి ఆయన తల్లి నర్సవ్వ బయటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. "అమాస నాడు మగ్గం ఆడదు. నేతోని బిడ్డవు, నీకు తెల్వదా? నీకెవ్వలు చూపిస్తరు నాయినా చీరలు?" అన్నది. ఇంట్లో రెండు మగ్గాలూ ఆగి ఉన్నాయి.

బియ్యం తీసుకునే అయ్యగారు ఇంకా రాలేదు. ఇళ్లన్నీ తిరిగి వీళ్లింటికి చివరికి వస్తాడట. అరుగు మీద మోదుగ విస్తర్లు పరిచి ఉన్నాయి. ఒక్కోదాంట్లో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క. మూడు ఒక వరుసలో, నాలుగోది కొంచెం ఎడంగా. ఐదోదాని మీద పసుపు, కుంకుమ, రవిక గుడ్డ ఉన్నాయి. శంకరయ్య నా పక్కనే కూర్చుని నేలను చూస్తున్నాడు. నేను విస్తర్లను చూస్తున్నాను. టీ ఇచ్చారు. చల్లారిపోయింది.

అయ్యగారు వచ్చి ఒక్కో విస్తరికీ పేరు, వరస అడగడం మొదలుపెట్టాడు.

"రాములు, మా నాయిన" అన్నాడు శంకరయ్య. "వెంకయ్య, మా తాత. సాయన్న, మా ముత్తాత."

నాలుగో విస్తరి దగ్గరికి వచ్చాడు. "ఎల్లయ్య."

అత్త చెప్పింది నిజమే. సుజాత ఖాయం చేసిన సంబంధం ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంటికి పోయి స్రవంతికి ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను.

"వరస?" అన్నాడు అయ్యగారు.

"మా సాయన్న తాతకు మామ. ఇల్లిచ్చిన మామ."

"మామనా?" అన్నాను. గొంతు పెద్దదయింది. "సాయన్నకు నాయిన గాదా?"

అందరూ నా వైపు తిరిగారు. నర్సవ్వ అన్నది: "నాయిన ఎట్లయితడు? బియ్యం మూడు తరాలకే ఇస్తం. ఎల్లయ్యకు ఈడ రెండో పెండ్లాం బాలమ్మ కడుపున ఒక్కతే బిడ్డ. సాయన్న ఇల్లరికమొచ్చిండు. ఇల్లు రామన్నపేటాయనదని అల్లునిగూడ రామన్నపేటోడే అన్నరు. ఇంటిపేరు గట్ల పడ్డది. ఆయన ఇంట్లనే ఉంటున్నం గాబట్టి ఆయనకో భాగం తీస్తం."

ఎల్లయ్య మావాడేనని చెప్పి, నేనెందుకు వచ్చానో మొత్తం వివరించాను. శంకరయ్య రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "నేను సంబంధం వద్దని చెప్పనీకొచ్చినవనుకున్న బావా. నువ్వు ఆటో దిగంగనే నా పానం పోయింది."

"ఇద్దరు మీసాలు నెరిసినోళ్లు. ఒక్కడన్న నోరు తెరిసి అడిగిండా?" అన్నది నర్సవ్వ. వేళ్ల మీద తరాలు లెక్కపెట్టి నా వైపు చూసింది. "నువ్వు నాకు మేనల్లుని వరసైతవు. ఇగ మస్తుగ తిట్టొచ్చు."

ఐదో విస్తరి ఎవరిదని అడిగాను. ఆమె రవిక గుడ్డ పక్కకు జరిపి ఒక చిన్న వెండి బిళ్ల చూపించింది. "ఎల్లయ్య మొదటి పెండ్లాం లింగమ్మది. బాలమ్మ ఆమె పేరు మీద సవతి బిళ్ల మెడల ఏసుకున్నది. ఆమెకూ ఇయ్యాలని బిడ్డకు చెప్పి పోయిందట." లింగమ్మ మా ముత్తాత తల్లి. మా ఇంట్లో ఆమె పేరు ఎవరికీ తెలియదు.

"సుజాతకు ఇచ్చినవా?" అని అడిగింది నర్సవ్వ.

"తమ్ముడింట్ల ఇమ్మని చెప్పి వచ్చిన."

"మొగడుండంగ మరిది ఎందుకిస్తడు?" ఆమె ఇంకో విస్తరి తెచ్చి లింగమ్మ పక్కన వేసింది. పసుపు, కుంకుమ తనే పెట్టింది. నేను బియ్యం పోశాను.

"పేరు?" అన్నాడు అయ్యగారు.

"సుజాత."

"వరస?"

భార్య అని చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఆయన తొందర పెట్టలేదు.

బయటికి వచ్చి స్రవంతికి ఫోన్ చేశాను. "నీకు బావ వరసే అయితడమ్మా." "ఇంకోసారి చెప్పు బాపు" అన్నది. చెప్పాను.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. దేవరకద్ర దాటాక ఊళ్లలో బతుకమ్మలు బయటికి వస్తున్నాయి. భార్య పోయాక ఎల్లయ్య ఇదే దారిలో, నాకు ఎదురు దిశలో, నడిచి వెళ్లి ఉంటాడు. కొడుకును వదిలి అంత దూరం ఎందుకు పోయాడని మా ఇంట్లో ఆయనను తప్పుపట్టేవారు. నాకిప్పుడు తప్పుపట్టాలని లేదు. ఆయన మొదటి పెళ్లి జాడ సొంత కొడుకు ఇంట్లో నిలవలేదు. రెండో భార్య నిలిపింది. రామన్నపేట చేరగానే రాజమ్మ అత్తకు లింగమ్మ పేరు చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది.

మీరు కూడా పాతకాలపు పెద్దల పెళ్లిళ్లు, సంతానం వెతుక్కుంటూ వెళుతుంటే పెత్రమాసకు వెళ్లండి. ఆ రోజు పేర్లు పైకి చెబుతారు. కాని పేరు వినగానే లేవకండి. వరస చెప్పేదాకా కూర్చోండి.