చూడకుండా రాసిన జవాబు

పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసుకోవచ్చని యూనివర్సిటీ వాళ్ళు చెప్పిన పరీక్షను నేను పుస్తకాలు మూసి రాశాను. అదే నా కొంప ముంచింది.

కోవిడ్ వచ్చిన రెండో చలికాలం అది. డబ్లిన్‌లో తరగతులన్నీ కంప్యూటర్లలోకి వచ్చేశాయి. ఎన్నాళ్ళ నుంచో అడిగిన ప్రార్థనకు జవాబుగా ఆ ఏడే నాకు అమెరికా సంస్కృతి, సాహిత్యం చదవడానికి సీటొచ్చింది. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా అద్దె ఇంటి మెట్ల పక్కన ఇస్త్రీబల్ల వేసుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని అమెరికా చదివేదాన్ని. మా ఆయన వృద్ధుల హోమ్‌లో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే బట్టలు సంచిలో వేసి, ఎవరినీ ముట్టుకోకుండా స్నానానికి వెళ్ళిపోయేవారు. ఆయన నీళ్ళ చప్పుడు ఆగేదాకా నాకు పాఠం తలకెక్కేది కాదు. దగ్గు వినిపిస్తుందేమోనని చెవులు అటే ఉండేవి.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా నాన్నగారు పాస్టరు. చర్చి సంఘం మారినప్పుడల్లా ఊరు మారేవాళ్ళం కనుక అమ్మే నాకు పాఠాలు చెప్పింది. సండే స్కూల్లో కంఠత వాక్యం ఎలా నేర్పేదో చరిత్ర, సైన్సు కూడా అలాగే నేర్పింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని "ఇప్పుడు చెప్పు" అనేది. ఒక్క మాట అటూ ఇటూ అయితే, "నీ కవిత్వం ఎవరడిగారే? ఉన్నది చెప్పు" అనేది. మా ఇంట్లో చదువంటే అదే. మంచి మాటను ఉన్నదున్నట్టు మోయాలి, మన వేలిముద్ర దాని మీద పడకూడదు.

అందుకని ఇక్కడ కూడా మాకు పాఠం చెప్పే మేడమ్ రికార్డు చేసి పెట్టిన ఉపన్యాసాలు కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ మళ్ళీ మళ్ళీ విన్నాను. పేరు పెట్టి పిలవమని ఆవిడ అందరికీ చెప్పింది కానీ నాకు నోరు రాలేదు, మేడమ్ అనేదాన్ని. నల్లవాళ్ళ సంఘాల్లోని ప్రసంగాలు అమెరికా నవలల్లోకి ఎలా వచ్చాయని పరీక్షలో అడిగారు. నా ప్రాణానికి దగ్గరైన సంగతి. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఒక్క కాగితం తిప్పకుండా రాసేశాను. ఎంత కృతజ్ఞతతో రాశానో!

వారం తిరగకుండా మేడమ్ దగ్గర నుంచి ఈమెయిల్ వచ్చింది. నా జవాబులో చాలా భాగం ఆవిడ ఉపన్యాసంతో అక్షరం అక్షరం కలుస్తోందట. ఎక్కడిదో చెప్పలేదట, కొటేషన్ గుర్తులు లేవట. ఇంకో లెక్చరర్ సమక్షంలో వీడియోలో మాట్లాడాలట. కాపీ అని తేలితే కోర్సులో ఉండనివ్వకపోవచ్చని మర్యాదగానే రాసింది. ఆ మర్యాద చూసి నాకు ఇంకా భయమేసింది.

మా ఆయనకు చెబితే తల తుడుచుకుంటూ ఆగిపోయారు.

"చూసి రాశావా?"

"చూళ్ళేదండీ."

"చూడొచ్చన్నారుగా?"

"చూడొచ్చన్నారు. అయినా చూళ్ళేదు."

"చూసుకోమన్నా చూడకుండా రాసి, చూసి రాసిందనిపించుకున్నావా? నీలాంటిది ఈ ఐర్లండ్ మొత్తంలో ఇంకొకతి ఉండదు!" అని నవ్వబోయి, నా మొహం చూసి మానేశారు. "పోనీలే, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకే కదండీ ఈ గొడవ!"

సోఫాలో ఉన్న మా అమ్మాయి ఐప్యాడ్ లోంచి తల ఎత్తకుండానే, "యూ హావ్ టు పుట్ ఇట్ ఇన్ యువర్ ఓన్ వర్డ్స్, మమ్మీ. ఎవ్రీవన్ నోస్ దట్, లైక్," అంది. సొంత మాటల్లో రాయాలని ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం జూమ్‌లో మన తెలుగువాళ్ళ ప్రార్థన కూటం. "చదువు విషయమై ఒక మనవి ఉందండీ" అని మాత్రం అన్నాను. వాటర్‌ఫోర్డ్ నుంచి కలిసే ఆంటీ ఒకావిడ వెంటనే అందుకుంది. "ఏమైందమ్మా, ఫెయిలయ్యావా?"

"లేదాంటీ. చిన్న విచారణ."

"విచారణా? పోలీసులా?"

"ఆంటీ, కాదాంటీ, కాలేజీ వాళ్ళే!"

ఆవిడ మ్యూట్ చేసుకున్నాననుకుని ఇంట్లోవాళ్ళతో, "పాపం, ఏం చేసిందో ఏమో, పైకి చూస్తే ఎంత నెమ్మదస్తురాలు" అనడం కూటమంతా విన్నాం. ఆ తర్వాత ఆవిడే నా కోసం అందరికంటే ఎక్కువసేపు, కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. ఆవిడకు నేనిప్పటికీ రుణపడే ఉన్నాను.

వీడియో పిలుపు రోజు వచ్చింది. తెర మీద మేడమ్, పక్క గడిలో తెల్ల గడ్డం లెక్చరర్. ఎలా రాశారని అడిగారు. కంఠతా వచ్చింది రాశానన్నాను. ఆయన మర్యాదగా తల ఊపాడు, నమ్మలేదు. "పేజీలకు పేజీలా?"

"ఆ పాఠం ఇప్పుడైనా చెప్పగలనండీ."

మేడమ్ సరేనంది. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. మొదటి వాక్యం అందుకున్నాక మిగతాది దానంతటదే వచ్చింది. ఎక్కడ ఆపాలో తెలియక, రికార్డింగు మధ్యలో ఆవిడ తన కుక్కతో అన్న మాట కూడా చెప్పేశాను, "దిగు, నా టీ ఒలకబోస్తావు" అని. ఆయన పకపకా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. చేత్తో నోరు మూసుకుని నా వైపే చూసింది.

"మీరు మోసం చేయలేదు. అది నాకు అర్థమైంది," అంది చివరికి. "కానీ ఇది నా జవాబు. నా మాటలు నాకే తిరిగి పంపితే నేను దేనికి మార్కులు వేయను? మీరేమనుకుంటున్నారో రాయండి. ఒక వారం ఇస్తాను. అది కూడా ఇలాగే ఉంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

దొంగతనం అనే మాట పోయింది. భయం పోలేదు, ఇంకా పెద్దదైంది. చేయని తప్పుకు సమాధానం చెప్పడం ఒక రకంగా తేలిక. నేనేమనుకుంటున్నానో నాకే తెలియదే! ఇస్త్రీబల్ల ముందు కూర్చుని ఒక వాక్యం రాసి, అది మేడమ్‌దని గుర్తొచ్చి కొట్టేసేదాన్ని. ఇంకోటి రాస్తే అది పుస్తకానిది. నా లోపల ఇంతమంది మాట్లాడుతుంటే, నేనెక్కడ? అడిగి తీసుకున్న సీటును ఇలా పోగొట్టుకుంటే దేవుడికి ఏ మొహం పెట్టుకుని కృతజ్ఞత చెప్పను?

గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, అంట్లు కడుగుతుంటే మేడమ్ మాట ఒకటి అడ్డం పడింది. ప్రసంగం మధ్యలో సంఘం "ఆమెన్" అనడం బోధకుడి అధికారాన్ని ఒప్పుకోవడమేనని ఆవిడ చెప్పింది. కాదే, అనిపించింది. ఒక ఆదివారం మా నాన్నగారు ప్రసంగం మధ్యలో మాట అందక, బల్ల పట్టుకుని నిలబడిపోయారు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం... చెప్పండయ్యా" అని మొదలుపెట్టారు. ఆయనకు మాట దొరికేదాకా ఆపలేదు. అది లొంగిపోవడం కాదు. పడిపోబోయే మనిషిని పట్టుకోవడం.

సబ్బు చేతులతోనే వెళ్ళి కూర్చున్నాను. మేడమ్ చెప్పింది ఇది, నాకు అలా తోచడం లేదు, ఎందుకంటే... అని రాశాను. 'నేను' అన్న మాట టైపు చేసిన ప్రతిసారీ అమ్మ పుస్తకం మూసి చూస్తున్నట్టే ఉంది. గురువుకు ఎదురు రాశానని దేవుడిని క్షమాపణ అడిగి పంపేశాను.

ఫలితం వచ్చేసరికి వసంతం వచ్చింది. పాసయ్యాను, గొప్ప మార్కులేమీ కావు. కింద మేడమ్ రాసింది: "నేను ఒప్పుకోను. మీరు రెండో ఏడాదికి వచ్చాక దీని మీద పోట్లాడుకుందాం."

సీటు నిలిచింది. వంటింట్లోనే మోకరించాను.

మా ఆయన వచ్చి చూసి, "పాసయ్యావుగా? ఇంకా ఎందుకా మొహం?" అన్నారు.

"వచ్చే ఏడు వారం వారం సెమినారట. ప్రతిసారీ నేనేమనుకుంటున్నానో చెప్పాలటండీ."