తెల్లపావులు పెద్దవారివి

ఆ రోజుల్లో మా ఇంట్లో పాఠ్యపుస్తకం పట్టిన మొదటి చెయ్యి నాదే కావడం వల్ల, దేనినైనా వరుసగా కంఠస్థం చేస్తే అది తప్పక వశమవుతుందనే నమ్మకం నాకు కొంచెం అధికంగా ఉండేది. ఈతకు, సైకిలుకు, ఆంగ్ల వ్యాకరణానికి, చివరకు పెద్దల ఎదుట కూర్చునే తీరుకు కూడా ఒక క్రమం ఉంటుందనీ, ఆ క్రమం తెలిసినవాడికి ఓటమి లేదనీ అనుకునేవాణ్ణి. (ఈ సిద్ధాంతాన్ని నమ్ముకుని కాలువలో రెండుసార్లు కడుపునిండా నీళ్ళు తాగాను.) ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది మాత్రం చదరంగం బల్ల మీద.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. రోజూ ఉదయం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో డిగ్రీ చదువుకు వెళ్ళేవాణ్ణి. మనం రేవుకు చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంటే, అది జనాన్ని, సైకిళ్ళను, కొబ్బరికాయల బస్తాలను దింపుకుని మళ్ళీ ఇటు వచ్చేదాకా పాకలో కూర్చోవలసిందే. ఆ పాకలో నాకు పరిచయమైనవారు మాస్టారు. మా చర్చి సంఘంలో పెద్దమనిషి, అవతలి ఒడ్డున ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన చేతిసంచిలో అన్నం కేరియర్ పక్కన ఒక మడత చదరంగం బల్ల ఉండేది. ఒకనాడు నన్ను చూసి, ఆట వచ్చునా అని అడిగారు. రాదండి అన్నాను. "మంచిది. చెడ్డ అలవాట్లు మానిపించే పని లేదు" అని బల్ల పరిచారు.

పరుస్తూనే తెల్లపావులు తమ వైపు పేర్చుకున్నారు. అది ఆయన అడిగి తీసుకున్నదీ కాదు, నేను ఇచ్చినదీ కాదు. తెల్లవాటిది మొదటి ఎత్తు. పెద్దవారు ఉండగా మొదటి ముద్ద మనం పెట్టుకుంటామా? అలా మొదటి రోజున కుదిరిన ఏర్పాటును రెండేళ్ళపాటు మేమిద్దరమూ ఒక్కసారైనా ప్రశ్నించలేదు.

నల్లవాడి కోసం ఆయన నేర్పిన ఎత్తుగడ ఒక్కటే. తెల్లవాడు రాజు ముందున్న బంటును రెండు గళ్ళు దూకించగానే మనం ఆవేశపడి ఎదురు దూకకూడదు. కుడిచేతి వైపు నుంచి మూడో బంటును వినయంగా ఒక్క గడి జరపాలి. తరువాత దాని అండ చూసుకుని మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు పంపాలి. ఆ పైన మంత్రి పక్కనున్న శకటును బయటికి తీసి, అప్పుడు మాత్రమే రాజు ముందు బంటును ఒక గడి జరిపి తలుపు వేసుకోవాలి. "మనిషి లోపల ఉండగా గొళ్ళెం పెట్టేస్తే, వాడు ఆటంతా లోపల కూర్చుని మనల్నే తిడతాడురా. ఇది గబగబా గెలిచే ఆట కాదు, నిలబడే ఆట" అనేవారు. ఆయ్ అండి అనేవాణ్ణి. కాలేజీలో పాఠం మధ్యలో కూడా నా కుడిచెయ్యి బల్ల మీద మూడో బంటును వెతుక్కునేది.

ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. పంటు ఒడ్డుకు ఆనగానే మాస్టారు బల్ల మడిచేసేవారు. ఆట అప్పటికి పది పన్నెండు ఎత్తులు దాటేది కాదు. ఆ విధంగా నేను రెండేళ్ళపాటు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. (గెలవనూ లేదు. అయితే ఆ వయసులో మనిషి తన లెక్కను సగమే చూసుకుంటాడు.) మా అమ్మ దృష్టిలో చదరంగం పేకాటకు సొంత చెల్లెలు. మా నాన్న మాత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, దానికి పరీక్ష ఏమైనా ఉంటుందా అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు.

పరీక్ష వచ్చింది. వాల్తేరులో జరిగే చదరంగం పోటీలకు కాలేజీ నుంచి నలుగురిని పంపుతామని నోటీసు పెట్టారు. రానుపోను రైలు ఖర్చు కాలేజీదే. మా కోనసీమలో రైలు లేదు. నరసాపురంలో ప్రతిరోజూ దాని కూత వింటూ, స్టేషను కమ్మీల బయట నుంచి చూడడమే గాని, ఎక్కి ఎరుగను. ఆ నాలుగో చోటు నాకు దక్కాలని ఆదివారం ప్రార్థనలో దేవుడికి కూడా విన్నవించాను.

ఎంపిక కోసం కాలేజీ హాలులో ఆడించిన మొదటి మూడు ఆటల్లో నా ప్రత్యర్థులందరూ నాకన్నా పెద్ద తరగతివారు. "పెద్దవారు, తెల్లవి మీరు తీసుకోండి" అంటే ఎవరు కాదంటారు? మూడింటిలోనూ గోడలా నిలబడి, ఎవరికీ గెలుపు లేకుండా ముగించాను. నాలుగో చోటుకు నేనూ, బీకాం చివరి సంవత్సరం చదివే ఒక సీనియరూ మిగిలాము. నాకు అర పాయింటు ఎక్కువ ఉన్నందున ఈ ఆట సమానమైతే చాలు. నేను అలవాటుగా తెల్లవి ఆయన వైపు జరపబోతుంటే, పర్యవేక్షణకు వచ్చిన లెక్చరరు గారు అడ్డుపడి, రెండు పిడికిళ్ళలో రెండు బంట్లు దాచి కోరుకోమన్నారు. నాకు తెల్లది వచ్చింది.

"మీరు పెద్దవారు కదండీ" అన్నాను దీనంగా.

"అబ్బే, పిడికిలి విప్పేక పెద్దరికం ఏముందండీ? పైగా తమరి నల్ల ఎత్తుగడ హాస్టలంతా వినేసేం. తెల్లది చూపించండి" అన్నారాయన.

నాకు తెల్లది లేదు. ఏమీ తోచక, చేతికి తెలిసిన పనినే చేతికి అప్పగించాను. అది కుడి వైపు నుంచి మూడో బంటును ఒక గడి జరిపింది. జరిపిన తరువాత చూద్దును గదా, నా మంత్రి ఎడమ పక్కకు మారి కూర్చున్నాడు. తెల్లవైపు నుంచి బల్ల తలకిందులుగా ఉంటుందన్న సంగతి రెండేళ్ళలో నాకు తట్టనే లేదు. మంత్రి వైపు వేయవలసిన గోడను రాజు వైపు పడగొట్టుకున్నాను.

"ఇది ఏ పుస్తకంలో ఉందండీ?" అని సీనియరు అడిగారు.

"ఉండే ఉంటుందండి" అన్నాను.

నాలుగు ఎత్తులు తిరగకుండానే ఆయన మంత్రి వచ్చి నా రాజుకు చెక్ చెప్పాడు. వరుస పోయింది. పాఠంలో మిగిలింది ఆ తలుపు మాట ఒక్కటే. బహుశా ఆ క్షణంలోనే నేను మొదటిసారిగా ఎత్తును గుర్తు తెచ్చుకోవడం మాని, ఆలోచించడం మొదలుపెట్టాను. ముందు రాజు పక్క కంతకు మరొక బంటును అడ్డం పెట్టాను. రాజు పక్క కంతకు మరొక బంటును అడ్డం పెట్టాను. పన్నెండో ఎత్తు దాటగానే నా చెవులు పంటు ఇంజను చప్పుడు కోసం వెతికాయి. హాలులోకి పంటు ఎలా వస్తుంది? ఇరవై, ముప్పై ఎత్తులయ్యాయి. ఇరుపక్షాల బంట్లూ ముక్కుకు ముక్కు ఆనించి నిలబడిపోయాయి. ఆయన ఏనుగులు రెండూ కంచెలో సందు దొరకని పశువుల్లా అటూ ఇటూ తిరిగాయి. చివరకు ఆయన వెనక్కు వాలి, "ఏమండోయ్, మీ ఇంటికి అన్నీ తలుపులేనా, లోపలికి దారి లేదా?" అని, సమానం చేసుకుందామని చెయ్యి చాపారు. ఆ చేతిని నేను అవసరమైనదాని కన్నా చాలాసేపు పట్టుకున్నాను.

మరునాడు రేవులో మాస్టారికి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన బల్ల మీద పావులు పేర్చుతూ, "తప్పు నాదిరా. రెండేళ్ళూ నీకు సగం బల్లే చూపించేను" అన్నారు. పరిచిన బల్లను పావులతో సహా మెల్లగా తిప్పి, తెల్లవాటిని నా ముందుకు తెచ్చారు. నేను వద్దండి అంటే వినలేదు. "ఆడు. రైలెక్కే మనిషివి."

రాజు ముందున్న బంటును రెండు గళ్ళు దూకించాను. తొమ్మిదో ఎత్తుకు నా ఆటకట్టు. పంటు ఇంకా అవతలి ఒడ్డున తాడు కూడా విప్పలేదు. మా ఇద్దరి మధ్య పూర్తయిన మొదటి ఆట అది. ఇంకొకటి ఆడదామా అండీ అని, సిగ్గు లేకుండా నేనే అడిగాను. (వాల్తేరులో ఏం జరిగిందని అడగకండి, రైలు మాత్రం చాలా బాగుంది.) ఉద్యోగంలో ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదివి సంతకం పెట్టి పెద్దవాణ్ణయిన నాకు, ఏమీ తెలియకుండా ఆ బంటును అంత ధీమాగా దూకించిన కుర్రవాడు గుర్తుకు వస్తే, చిన్న నవ్వుతో పాటు కొంచెం అసూయ కూడా కలుగుతుంది.