ట్రాలీకి నెయిల్ పాలిష్

ఒక్క నెయిల్ పాలిష్ సీసాతో ఒకే వారంలో ముగ్గురు మగవాళ్ళను ఏడిపించిన ఆడది ఈ ఊళ్ళో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టి వస్తాను. ఆ ముగ్గురిలో ఒకరు నా భర్త. ఆయన సంగతి సరే, నన్ను చేసుకున్నందుకు ఆ మాత్రం భరించాలి. మిగతా ఇద్దరూ ఏ పాపమూ ఎరగరు.

మాది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. కోచింగులకని వచ్చే ఆడపిల్లల హాస్టళ్ళు మూడింటికి మధ్యాహ్నం భోజనం మేమే పంపిస్తాం. రెండు హాస్టళ్ళు మా ఇంటి దగ్గరే, మూడోది ఎల్బీ నగర్‌లో. వంట నాది, బండి తోలడం మా ఆయన ప్రసాద్ గారిది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాన్ల తొట్టి ఉన్న చిన్న తెల్లబండి అది. మా సందులో అందరూ ట్రాలీ అంటారు. వయసు పద్నాలుగేళ్ళు. బళ్ళ లెక్కలో చూస్తే మనవళ్ళను ఎత్తుకుని అరుగు మీద కూర్చోవాల్సిన వయసు.

ఆ ఏడాది దానికి ఏమొచ్చిందో తెలియదు. శివరాత్రికి క్లచ్ ప్లేట్లు పోయాయి. హోలీనాడు రేడియేటర్ కారింది. ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకుంటూ ఉండగా సైలెన్సర్ ఊడి రోడ్డు మీద పడింది. మన పండుగలన్నీ దానికి కంఠతా వచ్చనుకుంటాను. నేను గాజులు చేయించుకుందామని దాచుకున్నదంతా దాని బేరింగులకూ బ్రేకులకూ పోయింది. నగలు పెట్టుకోవాల్సింది నేను, పెట్టుకుంటున్నది అది.

"అమ్మేద్దామండీ" అన్నాను ఒకరోజు.

"పద్నాలుగేళ్ళు మనకి అన్నం పెట్టింది సుజాతా."

"ఇప్పుడు మనం పెడుతున్నాంగా, మూడు పూటలా!"

పొద్దున్నే బండి బానెట్ మీద రెండు తట్లు తట్టి, "పద తల్లీ" అని బతిమాలి స్టార్ట్ చేయడం ఆయన అలవాటు. నన్ను ఏనాడైనా అలా బతిమాలారా అని అడగకండి.

రిపేర్లన్నీ చేసేది ఎల్బీ నగర్‌లో షెడ్డు నడిపే నర్సింహ గారు. పోచంపల్లి వైపు మనిషి, తండ్రి మగ్గం నేసేవాడట. ఏ సామాను విప్పినా గుడ్డ పరిచి వరసగా పేర్చుకుంటాడు. తక్కువ మాట్లాడతాడు. ఆ తక్కువ మాట్లాడటమే నాకు అనుమానంగా ఉండేది. తప్పు చేయనివాడు అంత నిశ్శబ్దంగా ఎందుకుంటాడు చెప్పండి?

దానికి తోడు ఒకరోజు రైతుబజార్లో బెండకాయలు ఏరుతున్న ఒకావిడ పక్కావిడతో అంటుంటే విన్నాను, "మెకానిక్‌లు మంచి సామాను పీకేసి పాతవి బిగిస్తారమ్మా, మనకేం తెలుస్తుంది?" అని. ఆ మాట వాళ్ళిద్దరూ అక్కడే మర్చిపోయి ఉంటారు. నేను మాత్రం బెండకాయలతోపాటు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టాను. బానెట్ కింద ఉన్న ప్రతి సామానుకీ గుర్తు పెట్టేయడం. నర్సింహ ఏది మార్చినా గుర్తు మాయమవుతుంది, దొంగ దొరుకుతాడు. మేనకోడలి పెళ్ళికి కొన్న ఎర్ర నెయిల్ పాలిష్ ఇంకా సగం ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. మా ఆయన భోంచేసి నిద్రపోతున్నారు. నేను గొడుగు పట్టుకుని, సీసా కొంగున ముడేసుకుని సందులోకి దిగాను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, రోజూ ఉండే చోటే ట్రాలీ ఉంది. మా బండి తలుపుకు తాళం పడదు, మోకాలితో తన్ని లాగితే వస్తుంది. ఆ రోజు ముట్టుకోగానే వచ్చేసింది. 'పర్లేదు, నర్సింహ ఇదొక్కటైనా సరిగ్గా చేశాడు' అనుకున్నాను. బుద్ధి ఉన్నవాళ్ళైతే అక్కడే ఆగేవారు.

లోపల గుప్పున మామిడిపళ్ళ వాసన. సీటు కింద ఒక టెంక కూడా ఉంది. మా ఆయనకు షుగరు. ఇంట్లో నేను మామిడిపండు చూపించి దాచేస్తుంటే, ఈయన బండిలో కూర్చుని తింటున్నారన్నమాట! ఆ కోపంలోనే బానెట్ ఎత్తి పని కానిచ్చాను. బ్యాటరీకి ఒకటి, డైనమోకి ఒకటి, రేడియేటర్‌కి, ఫ్యానుకి, నీళ్ళ డబ్బా మూతకి, మొత్తం పదకొండు ఎర్రచుక్కలు. పెళ్ళికూతురికి పారాణి పెట్టినంత శ్రద్ధగా పెట్టి, ఆరేదాకా ఊది మరీ వచ్చాను.

ఆ రాత్రి ఆయనకి కాకరకాయ వేపుడు పెట్టాను. మర్నాడు కాకరకాయ పులుసు. మంగళవారం కాకరకాయ పచ్చడి. మామిడిపండు గురించి పైకి అనలేదు. తనంతట తను ఒప్పుకోవాలని నా పంతం. ఆయన తలొంచుకుని తిని లేచేవారు. చూశారా, తప్పు చేసినవాడి లక్షణం!

ఆ మంగళవారమే బండి మొరాయించింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో, సిటీలోని బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి హారన్ కొడుతుండగా, నిండు సాంబారు గిన్నెలతో ఆగిపోయింది. హాస్టల్ వార్డెన్ ఫోను మీద ఫోను. మా ఆయన ఫోన్ చేస్తే నేను పరుగున వెళ్ళి, రెండు ఆటోల్లో గిన్నెలు ఎక్కించి, ఒళ్ళో పప్పు గిన్నె పెట్టుకుని పిల్లల ఆకలి తీర్చాను. పప్పు సగం నా చీరకే దక్కింది. సాయంత్రం అదే చీరతో షెడ్డుకు చేరాను. అప్పటికే నర్సింహ బండిని లాక్కెళ్ళి బాగుచేశాడు.

"డైనమో పోయింది మేడం. వేరేది ఏసిన. బెల్టు గూడ కొత్తది" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"బానెట్ ఎత్తండి."

ఎత్తాడు. చూశాను. డైనమోకి చుక్క లేదు. సరే, అది మార్చాడు. బ్యాటరీకీ లేదు. రేడియేటర్‌కీ లేదు. వంగి రెండోసారి వెతికాను.

"నా చుక్కలేవి?"

"ఏం చుక్కలు మేడం?"

"పదకొండు చుక్కలు! నా చేతులతో పెట్టాను! ఒక్కటి లేదు! నర్సింహ గారూ, బండిలో సామాను మొత్తం మార్చేశారా?"

షెడ్డులో ఉన్న పదిమందీ పనులు ఆపేశారు. నర్సింహ నెమ్మదిగా వెళ్ళి గుడ్డ మీద పెట్టిన పాత డైనమో తెచ్చాడు.

"గిదే మీ పాతది. జూడుండ్రి, తిప్పితే ఎట్ల గరగరమంటదో."

"ఇది మాది కాదు."

"మీదే మేడం. గిప్పుడే ఇప్పిన."

"మాదైతే దీనికీ ఎర్రచుక్క ఉండాలి! అన్నీ పోనీండి, నీళ్ళ డబ్బా మూత ఏం చేసుకుంటారు? అది కూడా వదల్లేదే!"

బండిలో ఒక్క చుక్కా లేకపోతే, చుక్కలు పెట్టిన మనిషికి ఏమైనా తేడా చేసిందేమో అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకు రాలేదు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "సుజాతా, తప్పు. నర్సింహన్నకి సారీ చెప్పు" అన్నారు.

"చెప్పను."

నర్సింహ మొహంలో కోపం లేదు. అదుంటే బాగుండేది. "ముప్పై ఏండ్ల సంది షెడ్డు నడుపుతున్న సార్. దొంగ అన్నోళ్ళు మేడమే ఫస్టు" అన్నాడు. మా ఆయన ఇవ్వబోయిన నోట్లు వెనక్కి నెట్టాడు. "ఇప్పుడొద్దు. మేడంకు దిల్ సాఫ్ అయినంక ఇయ్యుండ్రి."

దారిలో మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నేను మాత్రం గెలిచినట్టే కూర్చున్నాను.

మర్నాడు నర్సింహ నుంచి ఫోన్. స్పీకర్‌లో నేనూ విన్నాను. "సార్, కొత్త బెల్టు రెండు దినాలల్ల లూజైతది. జర తెచ్చి బిగిపిచ్చుకోండి. లేకుంటే మళ్ళ ఆగుతది, పిల్లల అన్నానికి లేటైతది."

"చూశారా, ఇంకో బిల్లు!" అన్నాను. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, కంచంలో ఉన్న కాకరకాయ కూర పూర్తిచేసి లేచారు.

గురువారం పొద్దున పాలప్యాకెట్ల కోసం వెళ్తుంటే సందు చివర ఐలయ్య మెట్ల మీద దిగాలుగా కూర్చుని ఉన్నాడు. ఐలయ్య రోజూ తెల్లవారే బాటసింగారం మార్కెట్టుకు వెళ్ళి పళ్ళు తెచ్చి అమ్ముకునే మనిషి. అతనిదీ తెల్ల ట్రాలీయే. దాని నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు, అద్దానికి మిరపకాయల దండ, బానెట్ మీద పసుపు.

"ఏంటి ఐలయ్యా, మార్కెట్టుకు వెళ్ళలేదా?"

"యాడ పోతనక్కా? సోమారం సంది బండి ముట్టలే. ఎవడో బాణామతి చేసిండు." గొంతు తగ్గించాడు. "సోమారం పొద్దుగాల నీళ్ళు పోద్దామని బానెట్ లేపితే, అంతట ఎర్రచుక్కలు. బ్యాటరీ మీద, ఫ్యాను మీద. నెత్తురు లెక్క!"

నా చేతిలోని డబ్బులు కింద పడ్డాయి.

"ఆదివారం... బండి ఎక్కడ పెట్టావు?"

"మా గల్లీకాడ షామియానా ఏసిన్రు గదా, ట్రాన్స్‌ఫార్మర్ కాడ పెట్టిన. మీ బండి గాడ లేకుండె, అన్న పక్క సందుల పెట్టిండు."

తలుపు ముట్టుకోగానే ఎందుకు తెరుచుకుందో, మామిడిపళ్ళ వాసన ఎక్కడిదో, టెంక ఎవరిదో, అన్నీ ఒక్కసారే తెలిశాయి. ఐలయ్య లేచి కండువా దులిపాడు. "నాకు ఎర్కే అక్కా ఎవడు జేసిండో. పోయిన నెల మార్కెట్ల ఒకనితోని లొల్లయింది. ఇయ్యాల పోయి వాని అంగీ పడ్తా."

"ఆగు ఐలయ్యా! అది నెయిల్ పాలిష్. నేనే పెట్టాను."

ఐలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వా అక్కా? నీకు నేనేం జేసిన? పోయినేడు గంపెడు జామకాయలు గూడ ఇస్తిని గదా!"

అతన్ని కూర్చోబెట్టి, ఇంట్లోంచి సీసా తెచ్చి, నా గోటికి పూసి చూపించి, మొత్తం కథ చెప్పేసరికి పాలు అయిపోయి కొట్టు కూడా మూసేశారు. అంతా విని ఐలయ్య నా గోటినీ సీసానీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఎన్ని పెట్టినవ్?" అన్నాడు.

"పదకొండు."

"నాకు పదే దొరికినయ్. పదకొండోది యాడ?" అతని మొహం మళ్ళీ పాలిపోయింది. ఎండలో ఇద్దరం తల దూర్చి వెతికాం. ఫ్యాను వెనక దొరికేదాకా అతను ఊపిరి పీల్చుకోలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. చుక్కల సంగతి విని నవ్వలేదు, తిట్టలేదు. మామిడి టెంక దగ్గరికి వచ్చేసరికి చేతిలో గ్లాసు కింద పెట్టారు.

"కాకరకాయ అందుకా?"

"అందుకే. మీరు దొంగచాటుగా తింటున్నారని..."

"నా రిపోర్టుల్లో ఏదో పెద్దదే వచ్చి ఉంటుంది, డాక్టరు నీకొక్కదానికే చెప్పి ఉంటాడు అనుకున్నాను" అన్నారు ఆయన. "అడిగితే నువ్వు ఏడుస్తావని ఊరుకున్నాను. మొన్న ఇన్సూరెన్స్ కాగితాలు బీరువాలో ఎక్కడున్నాయో నీకెందుకు చూపించాననుకున్నావు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నాలుగు రోజులు ఆ మనిషి చావుకు సిద్ధపడి, నేను భయపడకూడదని కాకరకాయ నమిలాడు. ఆ పూట ఆయనకి ఉల్లిపాయ పెసరట్టు వేసి పెట్టాను. రెండు తిని, మూడోది అడిగారు.

మిగిలింది నర్సింహ. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. గుత్తొంకాయ కూర క్యారియర్లో పెట్టుకుని, మా ఆయనతో షెడ్డుకు వెళ్ళాను. బెల్టు బిగించాల్సిన బండి ఎలాగూ ఉంది. ఒక వాహనం కింద పడుకుని పనిచేస్తూ నర్సింహ కనిపించాడు. బయటికి పాదాలు మాత్రమే ఉన్నాయి. అదీ మంచిదే, మొహం చూస్తే మాట పెగిలేది కాదు. ఆ పాదాల ముందు నిలబడి మొదలుపెట్టాను.

"నర్సింహ గారూ, తప్పంతా నాది. నేను గుర్తులు పెట్టింది వేరేవాళ్ళ బండికి. మీరు బంగారం లాంటి మనిషి. నేను అన్న మాటకి మీరు కొట్టినా పడతాను. ఆ తర్వాత కూడా పిల్లల అన్నం గురించి ఫోన్ చేశారు చూడండి..." కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. "నన్ను క్షమించానని ఒక్క మాట అనండి."

కింద నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. "మాఫ్ జేసిన గని అమ్మా, నువ్వెవరు?"

ఎవరో లారీ డ్రైవరు. తన బండికి ఆయిల్ ఎక్కడ కారుతోందో చూసుకుంటున్నాడు.

వెనక్కి తిరిగితే నర్సింహ, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో ఏమో. నేను మళ్ళీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా తక్కువ మాట్లాడే ఆ మనిషి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"మొత్తం ఇన్న మేడం. మళ్ళ చెప్పకుండ్రి. గాయన మాఫ్ జేసిండు గదా, నేను జేసినట్టే."

బెల్టు బిగించినందుకు ఏమీ తీసుకోలేదు. పాత పైసలు మాత్రం తీసుకున్నాడు, దిల్ సాఫ్ అయిందని. గుత్తొంకాయ కూర లారీ డ్రైవరుకు కూడా పెట్టాడు, న్యాయంగా అతని వాటా ఉంది కాబట్టి.

ట్రాలీ ఇప్పటికీ ఆగుతూనే ఉంది. మొన్న గేర్‌బాక్స్. నేను నోరు మూసుకుని డబ్బులిచ్చాను. ఇక పొయ్యి ముందు నిలబడి, చేత్తో గరిటె పట్టుకుని, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరినీ అనుమానించను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని అనుమానించినా, బండి నంబరు చదవకుండా అనుమానించను. క్షమాపణ అడగాల్సి వస్తే మాత్రం, ముందు మొహం చూసి, పేరు అడిగి, ఆ తర్వాతే ఏడుస్తాను.