హన్మవ్వ గడ్డపార దింపిన ప్లాటు

అల్లుడు నాగేందర్ ప్లాటుకు అడ్వాన్సు ఇస్తున్నాడని కూతురు సుష్మ ఫోన్‌లో చెప్పగానే హన్మవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. వర్ని రోడ్డు పక్కన కొత్తగా వేసిన వెంచర్ అది. నిన్నమొన్నటి దాకా వరిమడి. ముప్పై ఏళ్లు వరినాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్దగా తిరిగిన హన్మవ్వ బోధన్ చుట్టుపక్కల దిగని మడి లేదు.

“గా మడి ఎండకాలం గూడ ఆరదు బిడ్డా! కాలువ నీళ్లన్ని అండ్లనే ఊరుతయి. ఓసారి ఎద్దు దిగబడితే పదిమందిమి గుంజినం.”

“ఆయన నా మాట ఇంటలేడవ్వా. ఇల్లు కట్టి, పైన రెండు పోర్షన్లు కిరాయికిస్తా అంటుండు.”

ఆదివారం హన్మవ్వ గడ్డపార తీసుకొని ఆటో ఎక్కింది. వెంచర్‌లో రంగు జెండాలు, షామియానా. ఎర్ర మొరం మట్టి చదునుగా పరిచి హద్దురాళ్లు పాతారు. ఏజెంటు రామ్‌దాస్ నాగేందర్‌కూ, మరో నలుగురికీ ప్లాట్లు చూపిస్తున్నాడు.

“ఏం సేటూ, గీ మొరం కింద ఏమున్నదో చెప్పినవా గీళ్లకు?”

రామ్‌దాస్ నవ్వాడు. “నాట్లేసేదానివి, ప్లాట్ల సంగతి నీకేమెరుకనే అవ్వా? నీడకు కూసో. మా కాయితాలు పక్కా ఉన్నయి.”

ఆ నవ్వుతో ఆమె ఒళ్లు మండిపోయింది. ఇదే మడిలో నడుం వంచీ వంచీ ఆమె వెన్ను గూనైపోయింది. ఆమెకు కాక ఇంకెవరికి ఎరుక? ప్లాటు నడుమ గడ్డపార ఎత్తి పొడిచింది. మొరం దాటేదాకా గట్టిగా తగిలింది. ఆ తర్వాత చెయ్యి బలం అక్కర్లేకుండానే దిగిపోయింది. బయటికి లాగితే మూరెడు మేర నల్లటి బురద.

ఆ బురద చేత్తో తుడిచి రామ్‌దాస్ చేతిలోని రంగుల ప్లాను కాగితానికి పూసింది.

“నీ కాయితం పక్కానే. గోడ పక్కానా? కిరాయికొచ్చినోడు మొదటి వానకే సామాన్లు సదురుకొని పోతడు. గప్పుడు నువ్వుంటవా?”

“పోలీసోళ్లను పిలుస్త ముసల్దానా!”

“పిలువు. వాళ్లకు గూడ పొడిచి సూపిస్త!”

నాగేందర్ ముఖం మాడిపోయింది. దారిలో, “నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్ అత్తమ్మా” అన్నాడు. మూడు నెలలు అత్త గడప తొక్కలేదు. అడ్వాన్సు మాత్రం ఇవ్వలేదు.

మిగతావాళ్లు కొన్నారు. శ్రావణం వానలకు వాళ్లు తవ్విన పునాదులు బావులయ్యాయి. వాళ్లలో ఒకరైన కాశయ్య సారు సలహా కోసం హన్మవ్వ ఇంటికి వచ్చాడు.

“నీ ముంగటనే పొడిచి సూపిస్తి గద! గా రోజు మొకం తిప్పుకుంటివి!” అని వాకిట్లోనే దులిపేసింది. కోపం దిగాక, రెండు వానాకాలాలు ఆగమనీ, ముందు ఊరిన నీళ్లు బయటికి పోయేలా చుట్టూ ఊటకాలువ తీయించమనీ చెప్పింది. రామ్‌దాస్ అప్పటికే చందూర్ దగ్గర ఇంకో వెంచర్‌కు జెండాలు కట్టాడని సారు చెబితే ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

చివరికి నాగేందర్ వచ్చాడు. నవీపేట్ దగ్గర జాగా ఉందన్నాడు. “వచ్చి సూస్తవా అత్తమ్మా?”

“గా దిక్కు నేను నాట్లెయ్యలే. ఆడ ఏసినోళ్లను అడుగుదాం పా. వాన పడంగనే పోవాలె, ఎండల సూస్తే ఏ భూమైనా మంచిగనే కనవడ్తది.”

ముసురులోనే వెళ్లారు. గట్టు మీద నిలబడి నాగేందర్ ఆ జాగా సంగతి అడిగితే, పక్క మడిలో నాటేస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో తమను అలా అడిగినవాడు లేడు.