కోటిలింగం లాస్ట్ అన్న పళ్ళెం

పటమటలో కోటిలింగం బట్టల షాపుకి వెళ్ళి చీర కొనుక్కుని రావడం కంటే కొనకుండా రావడమే తేలిక. చీర మనకి నచ్చుతుంది, మనావిడకీ నచ్చుతుంది, బేరం కూడా కుదిరిపోతుంది. సరిగ్గా అప్పుడాయన చీర మడత విప్పి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని, "ఇక్కడో పోగు తెగిందండీ, ఇది వద్దులెండి, వచ్చే వారం మంచిది వస్తుంది" అంటాడు. ఆ తెగిన పోగు మనకి భూతద్దం పెట్టినా కనపడదు. "మీరు చేసేది వ్యాపారమా, వ్రతమా?" అని ఒకసారి విసుక్కున్నాను. నవ్వాడు. "రేపు నలుగురూ ఏమనుకుంటారు సుబ్బారావు గారూ" అన్నాడు.

ఆ నలుగురూ ఎవరో నాకిప్పటికీ తెలీదు. కోటిలింగానికి మాత్రం వాళ్ళు ఎప్పుడూ షాపు ముందు బెంచీ మీద కూర్చునే ఉంటారు.

పెడనలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాడాయన. తండ్రి నేస్తుంటే పక్కన కూర్చుని తెగిన పోగులు వెతికి అతికేవాడు. పదో తరగతితో చదువు ఆగింది. విజయవాడ వచ్చి ఒక పెద్ద షాపులో గుమాస్తాగా చేరి, తర్వాత తనే ఇంటి ముందు గదిలో చిన్న షాపు పెట్టుకున్నాడు. ఆయనకీ భార్య కనకలక్ష్మి గారికీ పిల్లల్లేరు. అక్క భద్రమ్మ కూతురు మాధురిని డిగ్రీ చదువు కోసం పెడన నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. ఆ పిల్లకి చెవులు కుట్టించింది ఈ మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే. సూది గుచ్చినప్పుడు పిల్ల కంటే ముందు ఆయన ఏడ్చాడని భద్రమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆయన్ని మా క్లబ్బుకి లాక్కెళ్ళింది నేనే. గన్నవరం దాటాక ఆగిరిపల్లి రోడ్డు మీద, మామిడి తోటల మధ్య ఉంటుంది మా క్లే టార్గెట్ క్లబ్బు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఒక రేకుల షెడ్డు, ఒక కందకం, ఆ కందకంలో పళ్ళేలు విసిరే మిషను, అంతే మా వైభవం. షూటరు తుపాకి భుజానికి ఆనించుకుని "పుల్" అని అరుస్తాడు. కందకంలోంచి నారింజ రంగు పళ్ళెం, కాఫీ సాసరంతది, ఏ వైపు పోతుందో తెలియకుండా రివ్వున లేస్తుంది. అది కింద పడేలోపు కొట్టాలి. నేను దీనికి కార్యదర్శిని. పోటీలు పెట్టడం, పళ్ళేల లోడు తెప్పించడం, క్లబ్బు వాట్సాప్ గ్రూపులో వార్తలు పెట్టడం, వాటిని ఎవరూ చదవకపోతే తిట్టుకోవడం నా పనులు. చూసేవాళ్ళు లేని ఆట కాబట్టి ఆదివారం పూట స్నేహితుల్ని బతిమాలి తీసుకెళ్తుంటాను.

కోటిలింగం మొదటి రోజు పేలుడు వినగానే రెండు చెవులూ మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తుపాకి పట్టుకోలేదు, ఇస్తానన్నా వెనక్కి జరిగేవాడు. కానీ కళ్ళు మాత్రం పళ్ళెం మీదే ఉండేవి. అలా చూసీ చూసీ ఆయనే మా రిఫరీ అయ్యాడు.

రిఫరీ పని చెప్పడానికి తేలిక. పళ్ళెం నుంచి కనీసం ఒక్క ముక్కైనా ఊడటం కంటికి కనపడాలి. ఉత్త దుమ్ము లేస్తే లెక్కలోకి రాదు. ముక్క ఊడితే హిట్, లేకపోతే లాస్ట్. ఆ తీర్పు షూటరుకి నచ్చకపోతే తర్వాతి పళ్ళెం పిలవకముందే చెయ్యెత్తాలి. అప్పుడు పక్కన నిలబడ్డ సహాయకుల్ని కూడా అడుగుతారు. ఎత్తకుండా తర్వాతిది పిలిచారా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. కోటిలింగం లాస్ట్ అంటే మా క్లబ్బులో చెయ్యెత్తినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసి లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా.

మామయ్య వెంట ఊరికే చూడటానికి వచ్చేది మాధురి. ఒక ఆదివారం "నేనూ ఒకసారి కొట్టి చూడనా అంకుల్" అంది. క్లబ్బు తుపాకి ఇచ్చాం. మూడో పళ్ళెం పగిలింది. ఆ తర్వాత ఆ పిల్లని షెడ్డులోంచి ఇంటికి పంపడం కష్టమైపోయింది. "ఆడపిల్లకి తుపాకులేంట్రా తమ్ముడూ, దానికి పెళ్ళి చెయ్యాలా వద్దా" అని భద్రమ్మ ఫోన్లో అరిస్తే, ఎప్పుడూ అక్కకి ఎదురు చెప్పని కోటిలింగం, "అది నీ కూతురే అక్కా, గురి తప్పదు" అన్నాడు. రెండేళ్ళలో మా దగ్గర మాధురితో సమానంగా కొట్టే అమ్మాయి ఒక్క సాయిశ్రీ మాత్రమే మిగిలింది. సాయిశ్రీ వాళ్ళ నాన్న లక్ష్మీకాంత్ గారికి గన్నవరంలో రైసు మిల్లు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు ఉన్నాయి. మంచి మనిషే, నోటికి మాత్రం తలుపు లేదు.

పోయిన శీతాకాలం రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ మా మైదానంలో పెట్టాం. ఆడపిల్లల్లో ఒక్కరికే చోటు. బయటి నుంచి రావలసిన రిఫరీ జ్వరంతో ఆగిపోయాడు. కమిటీ అంతా కోటిలింగం వైపు చూసింది. "మా పిల్ల ఉందండీ పోటీలో, నేను వద్దు" అన్నాడాయన. "మీరు కాకపోతే ఇంకెవరండీ" అన్నారందరూ. సాయిశ్రీ వాళ్ళ నాన్నే ఎక్కువ బలవంతం చేశాడు.

పోటీకి ముందు షెడ్డులో టీ తాగుతున్నాం. లక్ష్మీకాంత్ గారు గ్లాసు ఎత్తి, "ఇంకేం, తీర్పు మేనమామ చేతిలోనే ఉంది. మాధురీ, నీకు ఢోకా లేదమ్మా!" అన్నాడు. అందరం నవ్వాం. మాధురి కూడా నవ్వింది. కోటిలింగం టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

ఆఖరి రౌండు సగంలో ఉండగా జరిగింది. మాధురి పిలిచిన పళ్ళెం కుడివైపుకి, ఎండలోకి లేచింది. కొట్టింది. పళ్ళెం భళ్ళున పగల్లేదు. అంచు నుంచి గోరంత ముక్క ఊడి పక్కకి రాలింది, మిగతాది అలాగే సాగిపోయింది. ఆ ముక్క ఊడటం కోటిలింగం కన్ను చూసింది. నోరు మాత్రం నలుగురి వైపు చూసింది.

"లాస్ట్" అన్నాడు.

మాధురి తల తిప్పి వెనక్కి చూసింది. ఆయన మామిడి తోట వైపు చూస్తున్నాడు. చెయ్యి ఎత్తడానికి ఆ పిల్లకి కావలసినంత సమయం ఉంది. ఎత్తలేదు. తుపాకి మళ్ళీ భుజానికి ఆనించుకుని "పుల్" అంది.

ఒక్క పళ్ళెం తేడాతో ఓడిపోయింది. లక్ష్మీకాంత్ గారు వచ్చి కోటిలింగం చేతులు పట్టుకుని, "సొంత పిల్లైనా వెనకాడలేదు, అదండీ మనిషంటే" అన్నాడు. ఆ మాటే నేను గ్రూపులో వార్తగా పెట్టాను. ఎప్పుడూ ఒకరిద్దరు తప్ప చూడని నా వార్తకి ఆ రోజు దండాలే దండాలు. అవన్నీ కోటిలింగం చూశాడని నాకు తర్వాత తెలిసింది.

అప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. షాపులో తెగిన పోగులు చూపించడం మానేశాడు. ఎవరు ఏ చీర తీసుకుంటే అది కట్టి ఇచ్చేస్తున్నాడని కనకలక్ష్మి గారు నాతో అంది, ఒంట్లో బాగాలేదేమో చూడమంది. క్లబ్బులో అయితే మరీ విడ్డూరం. దుమ్ము లేచినా హిట్టే, లేవకపోయినా హిట్టే. ఎవరైనా "ఏంటండీ ఈ మధ్య తీర్పులు" అని మామూలుగా అడిగినా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మొహం తెల్లబోయేది. మాధురి మాత్రం క్లబ్బుకి రావడం మానేసింది. పరీక్షలున్నాయంది. పరీక్షలయ్యాక పెడన వెళ్ళిపోతానని వాళ్ళమ్మకి చెప్పిందట.

ఒక సాయంత్రం పళ్ళేల లోడు దింపించుకోవడానికి మైదానానికి వెళ్తే, ఆయన ఒక్కడే గడ్డిలో వంగి ఏదో వెతుకుతున్నాడు. ఆ నేలంతా ఏళ్ళ తరబడి రాలిన నారింజ ముక్కలే, మట్టి కంటే అవే ఎక్కువ.

"ఏం పారేసుకున్నారండీ?" అన్నాను.

గుప్పిట మూసుకున్నాడు. తర్వాత తెరిచాడు. గోరంత ముక్కలు, పది పదిహేను. "వీటిలో ఏదో ఒకటి ఆ రోజు మాధురి కొట్టిన పళ్ళేనిదేనండీ" అని అక్కడే కూలబడి మొత్తం చెప్పేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. "ముక్కలేరుకుంటే ఏమొస్తుంది? ఇంటికెళ్ళి ముందు ఆ పిల్లకి చెప్పండి" అని కసిరాను.

"ఎలా చెప్పనండీ? రోజూ నాకు అన్నం వడ్డిస్తుంది."

"చెబితే వడ్డించడం మానేస్తుందా?"

"మానెయ్యదండీ. చెప్పాక కూడా వడ్డిస్తుంది. అదే నేను తట్టుకోలేను."

 నా కోపం అక్కడితో చల్లారిపోయింది.

సాయిశ్రీ రాష్ట్రం తరఫున ఆడి కాంస్య పతకం తెచ్చింది. మార్చిలో షెడ్డు ముందు కుర్చీలు వేసి సన్మానం పెట్టాం. రానన్న మాధురిని కోటిలింగం పట్టుబట్టి తీసుకొచ్చాడు. శాలువా కప్పడం అయ్యాక, ఎవరూ పిలవకుండానే ఆయన లేచి మైకు దగ్గరికి నడిచాడు.

"ఆ రోజు మా మాధురి కొట్టిన పళ్ళెం తగిలింది" అన్నాడు. "ముక్క ఊడటం నేను చూశాను. చూసి కూడా లాస్ట్ అన్నాను. మా పిల్లని గెలిపించుకున్నానని మీరంతా అనుకుంటారని భయపడ్డాను. నాకు రిఫరీగా ఉండే అర్హత లేదు." పైన తొడుక్కొచ్చిన రిఫరీ చొక్కా విప్పి బల్ల మీద పెట్టాడు.

పాపం సాయిశ్రీ, మెడలో పతకంతో తల దించుకుని కూర్చుంది. ముందుగా లేచింది లక్ష్మీకాంత్ గారే. వచ్చి కోటిలింగాన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఈ రోజుల్లో ఇలా ఎవరొప్పుకుంటారండీ! హరిశ్చంద్రుడండీ మీరు" అన్నాడు. అంతే, చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. ఆ హడావిడిలో మాధురి వైపు చూశాను. ఆ పిల్ల చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఇక తర్వాత సంగతి మర్నాడు కోటిలింగం మా ఇంటికొచ్చి చెప్పింది. మాధురిని వెనక ఎక్కించుకుని స్కూటరు మీద ఇంటికి వెళ్తుంటే గుండె మీంచి బండ దిగినట్టు ఉందట. రామవరప్పాడు దాటేదాకా ఏవో కబుర్లు చెప్పుకుంటూనే పోయాడట. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి, "ఏమ్మా, ఏం మాట్లాడవే?" అన్నాడట.

"ముక్క ఊడటం నేనూ చూశా మామయ్యా" అంది మాధురి.

"చూశావా? మరి చెయ్యెత్తలేదేం?"

"ఎత్తితే నువ్వు అబద్ధమాడావని అందరి ముందూ అన్నట్టే కదా. ఇంటికెళ్ళాక నువ్వే చెప్తావులే అనుకున్నా. ఆ రోజు చెప్తావనుకున్నా, మర్నాడు చెప్తావనుకున్నా. అన్నం పెట్టినప్పుడల్లా అనుకునేదాన్ని. తర్వాత అనుకోవడం మానేశా. అప్పుడే క్లబ్బుకి రావడం కూడా మానేశా."

ఆయన తల తిప్పబోయాడు. ఆ పిల్ల ఆపలేదు.

"ఆ రోజు నలుగురి కోసం లాస్ట్ అన్నావు. ఇవాళ కూడా నలుగురికే చెప్పావు. నాకు చెప్పలేదు."

పచ్చ లైటు వెలిగింది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా స్కూటరు కదిలించలేకపోయాడట. చివరికి దిగి, బండి పక్కకి నెట్టుకుంటూ ఫ్లైఓవర్ కిందికి వెళ్ళి నిలబడ్డాడు. తప్పయిపోయింది తల్లీ అన్నాడు, నడి రోడ్డు మీద ఏడ్చాడు. మాధురి తన చున్నీ ఇచ్చి మొహం తుడుచుకోమంది. తుడుచుకుని, "వచ్చే ఆదివారం క్లబ్బుకి వస్తావామ్మా?" అని అడిగాడట.

"రిఫరీగా నువ్వు నిలబడితే వస్తా" అంది. "తగిలినా తగలకపోయినా, నా మొహం చూసి చెప్పాలి."

ఇదంతా మా వరండాలో కూర్చుని చెప్పాడు. సన్మానం బల్ల మీంచి నేను తీసి దాచిన రిఫరీ చొక్కా లోపల్నుంచి తెచ్చి ఇవ్వబోయాను. చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "అంతమంది ముందు చెప్పగలిగానండీ. దాని మొహం చూసి చెప్పడం నా వల్ల కాదు" అన్నాడు.

మాధురి పరీక్షలు అయిపోయాయి, ఇంకా పెడన వెళ్ళలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే తయారై షాపు మెట్ల మీద కూర్చుంటోందని కనకలక్ష్మి గారు చెప్పింది. కోటిలింగం ఆ పూట దొడ్డి దారిన బయటికి వెళ్తున్నాడట.