గిర్ని నర్సయ్య మంత్రాలను పట్టుకున్న వైనం

నెల్లికుదురులో పిండి గిర్ని నడిపే నర్సయ్యకు దైవభక్తి ఒంటినిండా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం వేళ్లకే ఉంటుంది. రెండు చేతులకూ రాళ్ల ఉంగరాలు, మెడలో తాయెత్తులు, స్కూటరుకు నిమ్మకాయ మిరపకాయల దండ, గిర్ని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. పిల్లి అడ్డం వచ్చిందంటే ఆ పూట గిర్ని తెరవడు. జొన్నలు పట్టించుకుందామని వచ్చినవాళ్లు సంచులు భుజాన వేసుకుని, పిల్లిని తిట్టుకుంటూ వెనక్కి పోతారు. ఇంత కట్టుదిట్టంగా బతికే మనిషి పోయిన చలికాలం మంత్రతంత్రాల మీద యుద్ధం ప్రకటించాడు.

యుద్ధం కథల పుస్తకాల మీద. గిర్ని పక్క గది కూడా ఆయనదే. అందులో ట్యూషన్ చెప్పే రజిత పిల్లల కోసం ఒక బీరువా నిండా పుస్తకాలు పెట్టింది. వాటిలో ఐదు లావుపాటివి, మబ్బుల మీది కోటను వెతుక్కుంటూ పోయే ఒక మంత్రగత్తె పిల్ల కథ. పక్క తండా నుంచి వచ్చే నవ్య నాలుగు పూర్తి చేసింది. సెలవులు అయిపోతున్నాయి, సోమవారం హాస్టల్‌కు పోవాలి. ఈలోగా ఐదోది చదివెయ్యాలి. ఆ పిల్లకున్న ఆత్రమంతా అదే.

నర్సయ్య అట్ట మీది బొమ్మ చూశాడు. లోపల ఒక్క వాక్యం చదవలేదు. చదవకుండానే తెలిసిపోయే జ్ఞానం ఆయనది.

"ఏంది రజితా గిది? పోరగాండ్లకు మంత్రాలు నేర్పుతున్నవా? మన ధర్మం ఒప్పుకుంటదా?"

"ఉత్త కథలు కాకా."

"కథలల్లనే దాసిపెడ్తరు. నాకు తెల్వదా?"

నవ్య ఊరుకోలేదు. "అండ్లున్న మంత్రం నేను మూడుసార్లు చదివిన కాకా. మా మేక గూడ మాట ఇనలే."

"సూసినవా, అప్పుడే చదివింది!" అంటూ ఐదు పుస్తకాలూ జప్తు చేశాడు. ఎదురు మాట్లాడితే గది ఖాళీ చెయ్యాల్సి ఉంటుందన్నాడు.

ఉత్త చేతులతో ముట్టుకుంటే ఏమవుతుందోనని ఆయనకు లోపల బెదురు. అందుకని భార్య కనకలక్ష్మి చేత ఎర్రగుడ్డలో మూట కట్టించి, పసుపు కుంకుమ చల్లించి, పైన కోసిన నిమ్మకాయ పెట్టించాడు. మర్నాడు పొద్దున్నే మూడు బాటలు కలిసే చోట, రైతు తిరుపతి మిరపచేను అంచున ఉన్న పాడుబావిలో పడెయ్యడానికి బయల్దేరాడు. పడేసే ముందు దాని శక్తి దిగిపోవాలట. మూటను గట్టున పెట్టి, చెప్పులు విప్పి, ఏదో గొణుగుతూ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మిరపకాయ ఏరే కూలీల ఆటో వచ్చి ఆగింది. ముందు తిరుపతి దిగాడు. ఆ యేడు అతని చేను సగం ముడత తెగులుకు పోయింది. అతను ఎర్రమూటను చూశాడు, నిమ్మకాయను చూశాడు, నర్సయ్యను చూశాడు.

"ఓ నర్సన్నా! నా చేను నాశనం చేసింది నువ్వానే?"

"నేనేం చేసిన్రా? గివి పుస్తకాలు!"

"ఏం పుస్తకాలు?"

"మంత్రాల పుస్తకాలు!"

అన్నాక గానీ తాను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ఆడవాళ్లు కొంగులు బిగించారు. ముసలి పుష్పమ్మ మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "చేసుడు ఎట్లన్న చేస్తున్నవు గని నాయినా, నా కోడలి నోరు పడిపోయేటట్టు గూడ ఒకటి చెయ్యరాదు?"

అందరూ నవ్వారు. తిరుపతి నవ్వలేదు. అతని చేతిలో కర్ర ఉంది.

నర్సయ్య ఉంగరాల చేతులు రెండూ అడ్డం పెట్టాడు. "మంత్రాలు లేవు, ఏం లేవురా! ఉత్త కథలు! అబద్ధం కథలు!"

ధర్మం అంత తొందరగా సర్దుకుపోతుందని ఊళ్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కూలీల్లో తల్లి మంగ్లీ పక్కన నిలబడ్డ నవ్య కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"నవ్యా, బిడ్డా, నువ్వు చదివినవు గద. గివి ఉత్త కథలేనని జర చెప్పు తల్లీ."

నవ్య మూట విప్పింది. నిమ్మకాయను పక్కకు తోసి, అట్టల మీది పసుపు దులిపి, ఒక్కొక్కటే తీసి చూసింది.

"నాలుగు చదివిన, నాలుగూ కథలే. ఐదోది నువ్వు గుంజుకపోతివి గద కాకా. చదవనిదాని గురించి ఎట్ల చెప్పాలె?"

తిరుపతికి ఆ మాట న్యాయంగా తోచింది. "అయితే గిక్కడనే చదువు బిడ్డా. అందరికి ఇనబడేటట్టు చదువు. ఒడిసేదాక అన్న యాడికీ పోడు."

నవ్య గట్టు మీద కూర్చుని మొదటి పేజీ తీసింది. కూలీలు గట్టుకు దగ్గరి సాళ్లే పట్టుకుని, చేతులతో కాయలు ఏరుతూ చెవులు ఇటు పెట్టారు. నర్సయ్యకు ఎండలో ఒక రాయి చూపించారు.

మధ్యాహ్నానికి ఆయన అంగీ వీపుకు అంటుకుపోయింది. "జర జల్ది చదువు బిడ్డా. గిర్ని కాడ జనం నిలబడి ఉంటరు."

పుష్పమ్మ సాళ్లలోంచి తల ఎత్తి కసిరింది.

"నువ్వు సప్పుడు చెయ్యకు నాయినా. ఆ పిల్ల కోట తలుపు తీస్తున్నది."