రెండు సెకన్ల దూరం: మా వీరభద్రప్ప సారు

వీరభద్రప్ప సారు ఇక లేరన్న వార్త, నేను తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతుండగా ఫోనులో వచ్చింది. ఇలాంటి వ్యాసాల్లో 'అశనిపాతం' అని రాయడం ఆనవాయితీ. పిడుగంటే ముందు మెరుపు కనబడాలని, తర్వాతే శబ్దం వినబడాలని నేర్పింది ఆయనే. నాకు మెరుపేమీ కనబడలేదు. ఫోను జేబులో పెట్టుకుని పాఠం పూర్తి చేశాను. మధ్యలో ఆపి ఉంటే ఆయన ఊరుకునేవారు కాదు.

కర్నూలులో తమ ఇంటి వరండాలో, పొద్దున కాఫీ తాగి, కుర్చీలోనే కన్నుమూశారట. చేనేత కుటుంబంలో పుట్టి, ఓర్వకల్లు పక్కనున్న మా ఊరి బడిలో భౌతికశాస్త్రం బోధిస్తూనే పదవీ విరమణ చేసిన ధన్యజీవి. నిరాడంబరుడు, నిష్కళంకుడు, సత్యనిష్ఠాగరిష్ఠుడు. నిరాడంబరత్వంలో కొంత వాటా జీతానిది. మిగిలినవి ఆయన సొంతం.

తరంగం అంటే ఏమిటో చెప్పడానికి కిటికీ ఊచకు తాడు కట్టి, మధ్యలో తన చేతిరుమాలు ముడివేసి, రెండో కొస విదిలించేవారు. అల తాడంతా పాకేది. రుమాలు మాత్రం ఉన్నచోటే లేచి పడేది.

"చూసినారా? కదలిక పోతాండాది. వస్తువు యాడికీ పోలేదు."

"మన ఊరికి వచ్చే అభివృద్ధి మాదిరి కదా సార్?" అన్నాను నేను.

"మల్లేశా, నీ నోటికి సెలవియ్యప్పా. రుమాలును చూడు."

అట్లా మొదలైంది మా గురుశిష్య బంధం.

ఆయన జీవితపు చివరి అధ్యాయమంతా ఒక దూరం కోసం ఖర్చయింది. మా బడి వెనక రాతిగుట్టలో కంకర క్వారీ పెట్టారు. మందు పేల్చినప్పుడల్లా బడి పైకప్పు పెచ్చులు రాలేవి. ఒకరోజు ఒక పెచ్చు ఏడో తరగతి పిల్ల భుజం మీద పడింది. బడికి ఇంత దూరం లోపల పేల్చకూడదని నిబంధన ఉంది. క్వారీ ఆ హద్దు లోపలే ఉందని సారు అనుమానం. గుట్ట మీదికి వాళ్ళు రానివ్వరు. దాంతో శబ్దంతోనే దూరం కొలుద్దామన్నారు. పేలినప్పుడు దుమ్ము కంటికి వెంటనే కనబడుతుంది. చప్పుడు మాత్రం సెకనుకు మూడువందల ముప్పై మీటర్ల చొప్పున వస్తుంది. మధ్యలో ఎన్ని సెకన్లో తెలిస్తే చాలు. మీటరు దారానికి రాయి కట్టి వదిలితే ఈ పక్కనుంచి ఆ పక్కకు ఒక సెకను. మాకు అదే గడియారం.

దుమ్ము కనబడాలంటే బడి నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. సారు మోకాళ్ళు ఎక్కనిచ్చేవి కావు. నేను ఎక్కాను.

"ఎన్నప్పా?" అని కిందినుంచి కేక.

"మూడు సార్!"

మూడంటే దాదాపు కిలోమీటరు, హద్దుకు అవతల. సారు తన లెక్కను ఉన్నదున్నట్టు అర్జీలో రాసిచ్చారు. సర్వేయరు వచ్చి వంకరటింకర బండిదారి వెంట కొలిచి, ఆయనా కిలోమీటరే అన్నాడు. రెండు తప్పులు ఒక్కమాట మీద నిలబడితే ఆఫీసుల్లో దాన్ని ధ్రువీకరణ అంటారు.

సారుకు మనసు ఒప్పలేదు. నన్ను మళ్ళీ ట్యాంకు ఎక్కించి, ఈసారి గట్టిగా లెక్కపెట్టమన్నారు. దుమ్ము లేవగానే రాయి వదులుతూ అరిచాను: "లాభం... రెండు... మూడు!"

కింద సారు తలెత్తి చూశారు. తర్వాత, "దిగు."

దిగాను.

"లాభమేందిరా?"

"మా నాయన గింజలు కొలిచేటప్పుడు అట్లనే సార్. ఒకటి అనగూడదు, లాభం అనాల."

"మీ నాయన శేరు నిండినాక లాభమంటాడు. నువ్వు రాయి వదులుతానే అంటివి. అప్పటికి సెకను యాడుండాదప్పా?"

అంటే మూడు కాదు, రెండే. ఆరువందల అరవై మీటర్లు, హద్దు లోపలే. ఆయన ముందు పడీపడీ నవ్వారు. తర్వాత తల పట్టుకున్నారు.

రెండో అర్జీలో 'మొదటి లెక్క తప్పు నాదే' అని రాశారు. నా పేరు రాయమన్నాను.

"పిల్లోని పేరు చెప్పి నేను తప్పించుకునేదా? పోప్పా."

అర్జీదారే తప్పు ఒప్పుకున్నాడు గనుక ఫైలు మూసేశారు. సత్యనిష్ఠకు మా జిల్లాలో దక్కే బహుమానం అంత.

కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేది సోమవారం. ఆ తర్వాత ఎన్ని సోమవారాలో! ఇంట్లో నాగమ్మగారు శివుడికి ఉపవాసం, ఆఫీసులో భర్తగారి అర్జీ. ఇద్దరికీ వరం రాలేదు. నేను చదువు ముగించి అదే బడిలో కాంట్రాక్టు మాస్టరుగా చేరాక కూడా ఆయన పోతూనే ఉన్నారు. మొన్న ఎండల్లో ఆ ఆఫీసు బయటి బల్ల మీద ఆయన పక్కన కూర్చుని అడిగాను:

"అలిసిపోలేదా సార్?"

"శానా అలిసిపోయినాప్పా. అందుకని రెండు సెకన్లు మూడైతాయా?"

చివరికి యంత్రంతో సూటిగా కొలుస్తామని కబురొచ్చింది. ఆ రోజుకు సారు పోయి నాలుగు రోజులు. కొత్త సర్వేయరు బడికి వచ్చాడు.

"వీరభద్రప్ప ఎవరప్పా?"

"పోయినారు సార్."

"అయ్యో. అట్లయితే అర్జీదారు లేనట్టే కదా. ఫైలు మూసేస్తాం."

"మూయొద్దు సార్. అప్పుడు తప్పు లెక్కపెట్టింది ఆయన కాదు, నేను. అర్జీదారుగా నా పేరు రాసుకోండి."

"నువ్వేం చేస్తాండావు?"

"ఈ బడిలోనే కాంట్రాక్టు మాస్టరును."

ఆయన నావైపు జాలిగా చూసి రాసుకున్నాడు. అప్పుడే ఒప్పుకోవలసిన మాటను ఇంతకాలం గురువుగారి నెత్తిన మోయించాను. ఇక్కడ అచ్చులోనూ ఒప్పుకుంటున్నాను.

యంత్రం ఏడువందల మీటర్లు చూపింది. హద్దు లోపలే. పేల్చడం ఆపమని నోటీసు అంటించారు. ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పే ఓపిక నాకు లేదు. ఇప్పటికైతే పిల్లల నెత్తిన పెచ్చులు రాలడం లేదు.

ఆ సాయంత్రమే కర్నూలు వెళ్ళి నాగమ్మగారికి చెప్పాను.

"మీ సారు ఎంతని చెప్పినారు?"

"ఆరువందల అరవై అమ్మా."

"నలభై తక్కువ చెప్పినారా?" ఆమె ముఖం చిన్నబోయింది.

కాదన్నాను. ఎండకు గాలి వేడెక్కితే శబ్దం వడి పెరుగుతుందని, పుస్తకంలోని అంకె చల్లటి గాలిదని, ఆ నలభై మీటర్లు మన కర్నూలు ఎండవేనని చెప్పాను. భౌతికశాస్త్రంలో ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు.

ఆమె అంతా విని, "నిజమేనా నాయనా?" అని అడిగింది.

సారు చెప్పి ఉంటే అట్లా అడిగేది కాదు.